తిమింగిలం ఎదుట మానవుని మర్యాద

తిమింగిలం అనే పదాన్ని విడదీసి చూచినవారికి మన పూర్వులు ఆ జంతువును ఏ దృష్టితో చూచినారో తెలియగలదు. తిమి అనగా సముద్రంలోని ఒక మహామత్స్యం. దానిని మింగునది తిమింగిలం. అంతటితో తృప్తి చెందక, తిమింగిలాన్ని సైతం మింగివేసే తిమింగిలగిలం అనే మరొక ప్రాణిని కూడా సంస్కృత వాఙ్మయం పేర్కొన్నది. పేరులోనే మింగుడు ఉన్నది, పేరులోనే భయం ఉన్నది. ఇక యూనుస్ ప్రవక్తను మింగిన మహామత్స్యం కథ మన ఇండ్లలో తెలియని పిల్లవాడు లేడు. అరబ్బీలో ‘అంబర్’ అనే మాట ఒక తిమింగిల జాతికీ, దాని ప్రేగులలో పుట్టే సుగంధద్రవ్యానికీ కూడా చెల్లుతుందని ఉర్దూ విభాగపు మిత్రులు చెప్పగా విన్నాను. అత్తరు దుకాణంలో అంబర్ అడిగి పుచ్చుకొనేవారిలో అది ఒక సముద్ర జంతువు కడుపులోనిదని ఎరిగినవారు ఎందరో నాకు సందేహమే. ఒకచోట మనలను మింగేది, మరొకచోట మనము కొనేది. ఈ రెండు రూపములలో తప్ప తిమింగిలం మన భాషలలోనికి రాలేదు.

కంటితో చూచే భాగ్యమైనా మనకు కలిగినది చచ్చిన తిమింగిలంతోనే. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒక తిమింగిలం కళేబరం కొట్టుకొని వచ్చినపుడు జనం గుమికూడి చూచినారు. పత్రికలలో ఫోటోలు వచ్చినవి. తుంగభద్ర ఒడ్డున పెరిగిన మనబోటివారికి ఆ ఫోటోయే గతి. అందువలన కాబోలు, మన విద్యార్థుల జవాబు పత్రాలలో ఇప్పటికీ అది ‘పెద్ద చేప’గానే ఈదుతున్నది. అది చేప కాదని, ఊపిరితిత్తులతో గాలి పీల్చి, బిడ్డను కని, పాలిచ్చి పెంచే జంతువని జంతుశాస్త్రోపన్యాసకులు ఎన్నిమార్లు చెప్పినా తెలుగు వ్యాసరచనకు వచ్చేసరికి మరల చేప అయి కూర్చుంటున్నది.

ఇది ఇట్లుండగా, బ్రదికివున్న తిమింగిలాన్ని అతి సమీపమున చూచి రావడం నేడు లోకంలో పెద్ద వినోదమైనది. పడవలెక్కి, నీటిలో దిగి, పక్కనే నిలిచి చూచి వచ్చేవారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. ఇది మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ‘మంచిదే’ అని కొందరు, ‘దాని మానాన దానిని ఉండనీయండి’ అని కొందరు అంటున్నారు. నా అభిప్రాయం ఈ రెంటికీ కొంచెం ఎడముగా ఉన్నది. సమీపించడం తప్పు కాదు. ఎవరు ఎవరిని సమీపించినారన్నదే ప్రశ్న. తిమింగిలం తనంత తాను వచ్చి చూచి పోయే చోట మనిషి నిలబడవచ్చును. మనిషి వెంటబడి పోయే చోట, అతని చేతిలో ఉన్నది కెమెరాయే అయినప్పటికీ, అది వేటకు తోబుట్టువే.

ఈ మాట కొంచెం కటువుగా తోచవచ్చును. అయితే మనిషి పడవ తిమింగిలాన్ని సమీపించిన చరిత్ర ఎట్టిదో తెలిసినవారికి అట్లు తోచదు. ఆస్ట్రేలియా తూర్పుతీరమున బ్రిస్బేన్ నగరానికి ఎదురుగా మోర్టన్ అనే ద్వీపమున్నది. ఆ ద్వీపంలోని టాంగలూమా అనే చోట 1952లో ఒక తిమింగిలాల కర్మాగారం వెలసినది. దక్షిణ ధ్రువ సముద్రముల నుండి చలికాలంలో వెచ్చని నీటిని వెదకికొంటూ, బిడ్డలను కనడానికి ఉత్తరదిశగా గ్రేట్ బారియర్ రీఫ్ జలాలకు పోయే హంప్‌బ్యాక్ తిమింగిలాలకు, అనగా మూపురపు తిమింగిలాలకు, అది రాజమార్గం. ఏటా ఒకే దారిన, ఒకే ఋతువులో, తీరానికి దగ్గరగా పోయే జంతువును పట్టడానికి గొప్ప నేర్పేమీ అవసరం లేదు. దారిలో కాచి కూర్చుంటే చాలును. పదేండ్లలో ఆ ఒక్క కర్మాగారంలోనే 6,277 హంప్‌బ్యాక్‌లను కోసినారు. వాని కొవ్వు నూనె అయినది, ఎముక ఎరువైనది. దక్షిణాన బైరన్ బే వద్ద 1954లో మరొకటి మొదలైనది. 1962లో రెండును మూతపడినవి. ఎవరికో జాలి కలిగి మూయలేదు. పట్టడానికి తిమింగిలాలు లేక మూసినారు.

లేకపోవడానికి కారణం ఈ రెండు కర్మాగారములే కాదు. అదే కాలంలో సోవియట్ నౌకలు దక్షిణ సముద్రంలో 1959 నుండి 1961 వరకు రెండే రెండు వేట ఋతువులలో దాదాపు 25,000 హంప్‌బ్యాక్‌లను చంపి, అంతర్జాతీయ సంఘానికి పంపిన లెక్కలలో వానిని దాచిపెట్టినవి. ఈ సంగతి 1990లలో గాని బయటపడలేదు. బైరన్ బే వేటగాడు ‘ఈ ఏడు తిమింగిలాలు ఏమైనవి?’ అని తీరమున నిలబడి ఆశ్చర్యపడుతుండగా, అవి వేల మైళ్ల దూరంలో లెక్కకెక్కకుండా నూనె అవుతున్నవి. తూర్పు ఆస్ట్రేలియా దారిన పోయే మందలో చివరకు మిగిలినవి కొన్ని వందలని శాస్త్రజ్ఞుల అంచనా.

అటుపిమ్మట 1963లో దక్షిణార్ధగోళమున హంప్‌బ్యాక్ వేటను నిషేధించినారు. ఆస్ట్రేలియాలోని చివరి కర్మాగారం పశ్చిమాన ఆల్బనీ పట్టణం వద్ద 1978లో ఆగిపోయినది. వ్యాపారపు వేటను నిలుపవలెనని అంతర్జాతీయ తిమింగిల సంఘం 1982లో తీర్మానించగా 1986 నుండి అది అమలునకు వచ్చినది. కొన్ని వందలుగా మిగిలిన తూర్పుతీరపు హంప్‌బ్యాక్‌లు మరల పదుల వేలకు పెరిగినవి. 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ జాతిని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుండి తొలగించినది. మానవుడు చేయి ఆపినంత మాత్రాన ప్రకృతి ఇంత ఉదారంగా బదులు పలికిన ఉదాహరణలు ఎక్కువ లేవు. టాంగలూమా కర్మాగారం స్థలంలో ఇప్పుడొక విహారకేంద్రమున్నది. నాడు తిమింగిలాలను కోసిన చోటనుండి నేడు తిమింగిలాలను చూపడానికి పడవలు పోతున్నవి. దారి అదే, ఋతువు అదే.

ఆ పడవను చూచి తిమింగిలం ఏమనుకొంటుందో మనకు తెలియదు. మన చేతిలో ఈమారు బల్లెం లేదని దానికి మనమెట్లు చెప్పగలము? ఈ ప్రశ్నకు నాకు తృప్తికరంగా తోచిన సమాధానం గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరభాగంలో దొరికినది.

ఆ పగడపు దిబ్బల వరుస దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున సాగుతున్నది. 1981లో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినారు. దాని ఉత్తరభాగంలో ‘రిబ్బన్’ దిబ్బలని పిలువబడే సన్నని వరుస వద్దకు ఏటా జూన్, జూలై మాసాలలో ఒక చిన్న జాతి తిమింగిలాలు వస్తున్నవి. వీనిని మరుగుజ్జు మింకీలంటారు. మరుగుజ్జు అన్నంత మాత్రాన పిల్లి ప్రమాణమేమీ కాదు. పెరిగినది ఎనిమిది మీటర్లకు దగ్గరగా, అనగా మన కళాశాల తరగతిగది పొడవు ఉంటుంది. అయిదారు టన్నులు తూగుతుంది. దంతాలు లేవు, పై దవడనుండి జల్లెడ వలె వ్రేలాడే పలకలున్నవి. భుజం మీద, రెక్క మీద తెల్లని మచ్చ. ఆ తెలుపు నలుపుల అల్లిక ఏ రెండింటికీ ఒక తీరుగా ఉండదు గనుక మన వేలిముద్రల వలె దానినిబట్టి ఒక్కొక్క తిమింగిలాన్ని గుర్తుపట్టవచ్చును. 1980ల వరకు దీనిని ప్రత్యేకమైన తరగతిగా శాస్త్రజ్ఞులే గుర్తించలేదు. అది చేసే ధ్వనిని ఇదే దిబ్బల వద్ద నమోదు చేసి 2001లో ప్రకటించినారు. జంతువు గొంతువలె గాక యంత్రం చప్పుడువలె ఉన్న ఆ ధ్వనికి ఒక సినిమా పేరునుబట్టి ‘స్టార్ వార్స్ ధ్వని’ అని నామకరణం చేయడం శాస్త్రజ్ఞుల చమత్కారం.

ఈ మింకీల స్వభావంలో ఒక విశేషమున్నది. ఆగివున్న పడవ కనబడితే తామే వచ్చి దాని చుట్టూ తిరుగుతవి. నీటిలో మనుషులుంటే వారిని కూడా పరిశీలిస్తవి. గంటల తరబడి ఉండిపోవడమూ కలదు. కాలం గడిచేకొద్దీ మరింత చేరువకు వస్తవని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం వారు ఏండ్ల తరబడి యాత్రికుల పడవలలోనే ప్రయాణం చేస్తూ గమనించి వ్రాసినారు. 2003 నుండి అక్కడి సముద్రోద్యానవన అధికారులు కొద్ది పడవలకు మాత్రం ప్రత్యేకంగా అనుమతినిచ్చి, యాత్రికులు ఈ తిమింగిలాల సమక్షంలో నీటిలో ఉండవచ్చునన్నారు. లోకంలో ఇట్లు క్రమబద్ధంగా అనుమతినిచ్చిన తొలి ప్రదేశాలలో ఇది ఒకటి. పడవలు తిమింగిలాన్ని నూరు మీటర్ల లోపు సమీపించరాదన్నది ఆ జలాలలో చట్టం. అయితే తిమింగిలమే వచ్చినచో? అపుడు ఇంజను ఆపి, పడవ వెనుకనుండి ఒక పొడవైన తాడును నీటిమీదకు వదులుతారు. యాత్రికులు ఆ తాడును పట్టుకొని వరుసగా తేలియాడవలెను. తాడు విడిచి ఈదరాదు. చేయి చాపరాదు. మునిగి వెంబడించరాదు. నియమమంతా ఆ తాడులోనే ఉన్నది. ధర్మశాస్త్రములు ఎన్ని పుటలలో చెప్పినా మనిషికి పట్టని నిగ్రహాన్ని ఒక నైలాను తాడు పట్టించగలదని నేను అనుకోలేదు.

2023 జూన్ మాసాంతంలో ఆ తాడును పట్టుకొనే అవకాశం నాకు కలిగినది. మా అక్కగారి భర్త, మేము దుల్హాభాయి అని పిలుచుకొనేవారు, కెయిర్న్స్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నారు. టిక్కెట్టు వారిది, సెలవు నాది. పోర్ట్ డగ్లస్ రేవు నుండి తెల్లవారి బయలుదేరిన పడవ గంటన్నరకు వెలుపలి దిబ్బలను చేరినది. అక్కడివారికి అది చలికాలం. నీరు మన మార్గశిర మాసపు బావినీటి వలె ఉన్నది. రబ్బరు దుస్తులు తొడిగి, ముఖానికి అద్దం, నోటిలో గొట్టం పెట్టి దింపినారు. నేను తుంగభద్రలో ఈత నేర్చినవాడనే గాని అడుగు కనబడని నీలిమ కాళ్ల క్రింద ఉన్నపుడు ఏటి ఈత ధైర్యమివ్వదు. పక్కనున్న దుల్హాభాయి గొట్టం తీసి, “మియా, తాడును అట్లా పిసకకు, అది పారిపోదు,” అన్నారు.

చాలసేపు ఏమీ లేదు. తరువాత నీలిమలో ఒక తెల్లని మచ్చ మాత్రం కదిలినది. మచ్చ చుట్టూ శరీరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో తెలియడానికి కొన్ని క్షణములు పట్టినది. చప్పుడు లేదు. అంత పెద్ద ప్రాణి అంత నిశ్శబ్దంగా వస్తుందని ఎవరు చెప్పినా నేను నమ్మియుండేవాడను కాను. అది తాడు పొడవునా ఒక చివరనుండి మరొక చివరకు, పరీక్షహాలులో వరుసల నడుమ నడిచే పర్యవేక్షకునివలె, ఒక్కొక్కరినీ చూచుకొంటూ పోయినది. వెనుక మరొకటి, దాని వెనుక ఇంకొకటి. మొత్తం అయిదు లెక్కించినాను. రెండవ పర్యాయం వచ్చినపుడు ఒకటి నాకు మూడు బారల దూరంలో పక్కకు ఒరిగి, ఒక కంటిని నా వైపు త్రిప్పి, కొంతసేపు అట్లే నిలిచినది. ఆ కంటిలో ఏమున్నదో వర్ణించడానికి కవిత్వం చాలా దొరుకుతుంది. నేను వర్ణించను. అది నన్ను చూచినది, అంతవరకే నాకు తెలుసును. ఇరువది సంవత్సరాలుగా పుస్తకాలలో తిమింగిలాన్ని చదివినవాడను, ఆనాడు మొదటిసారి తిమింగిలం చేత చదువబడినాను.

తాడు కొసన ఒక యాత్రికుడున్నాడు. మూడవ పర్యాయం అవి వచ్చినపుడు అతడు తాడు విడిచి, కెమెరా ముందుకు చాచి, నాలుగు బారలు వేసినాడు. అతడు చెడ్డవాడు కాడు. తన ఇంటివారికి మంచి చిత్రం చూపవలెనన్న తపన అతనిది. కాని ఆ తిమింగిలం చప్పున క్రిందికి వంగి నీలిమలో కలిసిపోయినది. పడవవారు ఈల వేసి అతనిని పైకి పిలిచినారు. మిగిలిన నాలుగు కొంచెం ఎడంగా తిరిగి, చాలసేపటికి మరల మావైపు వచ్చినవి. తాడు కొసవైపు మాత్రం పోలేదు. గంటకు పైగా అట్లే ఉన్నవి. చివరకు మాకే చలివేసి పైకెక్కినాము, అవి ఇంకా అక్కడే ఉన్నవి.

ఇక రెండవ పక్షమునకు వస్తాను. అదే ఆస్ట్రేలియాలో పశ్చిమతీరమున నింగలూ అనే మరొక పగడపు దిబ్బ ఉన్నది. అక్కడ 2016 నుండి హంప్‌బ్యాక్‌లతో ఈదడానికి ప్రయోగాత్మకంగా అనుమతినిచ్చినారు. హంప్‌బ్యాక్ మింకీ వలె ఆగిన పడవ వద్దకు వచ్చి కూర్చునే జంతువు కాదు. అది బాటసారి; తరచు పక్కన బిడ్డ ఉంటుంది. కనుక పడవ దాని దారిని అంచనా వేసి, ముందుకు పోయి, యాత్రికులను నీటిలో దింపవలసి వస్తున్నది. నియమిత దూరాలున్నవి, అనుభవజ్ఞులైన మార్గదర్శకులున్నారు. అయినప్పటికీ 2020 ఆగస్టులో ఒక స్త్రీ హంప్‌బ్యాక్ దెబ్బకు ప్రక్కటెముకలు విరిగి ఆసుపత్రి పాలైనది. పత్రికలు తిమింగిలం దాడి చేసినదన్నవి. పదిహేను మీటర్ల తల్లి తన బిడ్డను వెనుక ఉంచుకొని తోక ఆడించడాన్ని దాడి అనవచ్చునా? మన వీథిలో దూడను ఈనిన ఆవు దగ్గరకు పోయి పొడిపించుకొన్నవానిని పెద్దలు ఆవును తిట్టకుండా వానినే తిట్టుతారు. ఆ యాత్రలు నేటికీ సాగుతున్నవి. దూరాన్ని పెంచితే సరిపోతుందని నేననుకోను. దారికి అడ్డముగా దింపే పద్ధతిలోనే లోపమున్నది. టాంగలూమాలో దారి కాచినవారు కూడా ఇదే విద్యను ఎరిగినవారు.

అట్లయిన మానవుడు తీరమునే ఉండిపోరాదా అని అడుగువారున్నారు. వారి వాదం తేలికైనది కాదు. పడవ డీజిలు తాగుతుంది. ఆ డీజిలు పొగ చేరి వేడెక్కిన సముద్రం వల్లనే 2016 మొదలు 2024 వరకు అనేక పర్యాయములు, 2016, 2017, 2020, 2022, 2024లలో, ఆ దిబ్బలలోని పగడాలు విస్తారంగా తెల్లబడిపోయినవి. పగడాన్ని చూడబోయి పగడాన్ని చంపడమనే ఈ విచిత్రానికి నావద్ద జవాబు లేదు. ఖర్చు సంగతి కూడా చెప్పవలెను: ఒక దినపు టిక్కెట్టు వెల మన ప్రాంతపు కూలివాని అనేక దినముల వేతనం. నేను దుల్హాభాయి సొమ్ముతో పోయినవాడను గనుక ఈ విషయంలో గంభీరోపన్యాసం చేయడం నాకు శోభించదు.

అయినను పోరాదనే వాదాన్ని అంగీకరించలేకున్నాను. ఆ మింకీలను గురించి మనకు తెలిసినదానిలో చాలభాగం యాత్రికులు తీసిన ఫోటోల నుండియే వచ్చినది. తాడు పట్టుకొని తేలుతూ ఎవరో తీసిన చిత్రంలోని మచ్చల అల్లికను విశ్వవిద్యాలయంలో కూర్చుని పాత చిత్రాలతో పోల్చి, ఇది అయిదేండ్ల క్రిందట వచ్చినదే అని గుర్తుపట్టుతున్నారు. శీతకాలం గడిచిన తరువాత అవి తీరం వెంబడి దక్షిణానికి, టాస్మేనియా సమీపానికీ ఆవలి చల్లని సముద్రానికీ పోతున్నవని పరికరాలు అమర్చి తెలిసికొన్నారు. ఇంకను ఎన్ని ఉన్నవో ఎవరికీ సరియైన లెక్క లేదు. లెక్క లేని జంతువును కాపాడడం లెక్క లేని ఆస్తిని కాపాడడం వంటిది. వేటగాడు హంప్‌బ్యాక్ లెక్క దాచినాడు. తాడు పట్టుకొన్న యాత్రికుడు మింకీ లెక్క కడుతున్నాడు. ఈ మార్పును నేను చిన్నదిగా భావించలేను.

కాని దీనికి ఒక షరతు. అనుమతిపొందిన పడవలు కొద్దిగానే ఉండవలెను. గిరాకీ పెరిగినదని పదిని నూరు చేసిననాడు తిమింగిలానికి పడవను ఎంచుకొనే స్వేచ్ఛ పోయి, తప్పించుకొనే పని మిగులుతుంది. ‘చూపకపోతే డబ్బు వాపసు’ అని ప్రకటించే వ్యాపారిని ఎంతమాత్రం నమ్మరాదు. తిమింగిలం రాని దినాన రాలేదని చెప్పి వెనుకకు తీసికొని రాగల పడవవాడే నిజాయితీపరుడు. డబ్బు వాపసు ఇవ్వవలసినవాడు దానిని వెదకి, తరిమి అయినా చూపుతాడు.

మన కళాశాలలో చదివినవారు ఇప్పుడు పై చదువులకు టౌన్స్‌విల్, బ్రిస్బేన్, మెల్బోర్న్ నగరాలకు పోతున్నారు. ప్రతి సంవత్సరం ఇద్దరు ముగ్గురైనా నా వద్దకు వచ్చి చెప్పి పోతున్నారు. వారిలో ఎవరికైనా ఆ దిబ్బలను చూచే వీలు కలిగితే జూన్ చివర, జూలై మొదట పోవడం మంచిది. టిక్కెట్టు కొనేముందు మింకీల సమక్షంలో నీటిలో దింపడానికి ఆ పడవకు ప్రత్యేకమైన అనుమతి ఉన్నదా అని అడుగవలెను. రెండవది, తాడు వాడుతారా అని అడుగవలెను. ఫోటో తీసినచో తిమింగిలం పక్కభాగం, భుజం మీద మచ్చ స్పష్టంగా పడేటట్లు తీసి, తేదీ, వేళ, దిబ్బ పేరు వ్రాసి పరిశోధకులకు అందజేయవలెను. నా కెమెరాలో పడినవి మూడు చిత్రాలు. ఒకదానిలో నీరు, ఒకదానిలో దుల్హాభాయి పాదం, మూడవదానిలో సగం మచ్చ ఉన్నది. ఆ సగం మచ్చను పంపినాను.